పశువ్యాధుల నివారణకు ముందస్తు ప్రణాళిక: తెనాలి, బాపట్ల, రేపల్లె డెల్టా ప్రాంతం

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి సాగు తరువాత గ్రామీణ కుటుంబాలకు ప్రధాన ఆదరువు పాడి పశువు. పంట దెబ్బతిన్న సంవత్సరంలో సైతం పాల డబ్బుతో ఇల్లు గడుస్తుంది. ఆ పశువు వరదలోనో, వ్యాధితోనో మరణిస్తే రైతు ఒక ఏడాది ఆదాయంతో పాటు కొన్నేళ్ల ఆధారాన్ని కోల్పోతాడు. అందువలన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ప్రకృతి వైపరీత్యాల ప్రణాళికను, పశువ్యాధుల నివారణ ప్రణాళికను వేర్వేరుగా చూడడానికి వీలులేదు. ఈ ప్రణాళికలోని ముఖ్యాంశాలను పాత్రికేయుల, అధికారుల ఉపయోగార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

రెండు వైపుల నుండి ముప్పు

ఈ ప్రాంతానికి ఒక వైపు సముద్రం, మరొక వైపు కృష్ణానది ఉన్నాయి. 1977 నవంబరు 19న సంభవించిన పెను తుఫానులో సుమారు 5 మీటర్ల ఎత్తున ఎగసిన ఉప్పెన దివిసీమతో పాటు రేపల్లె తాలూకా తీర గ్రామాలను కూడా ముంచెత్తింది. వేలాది మంది ప్రజలు, లక్షల సంఖ్యలో పశువులు మరణించాయి. కళేబరాల తొలగింపు, ఉప్పునీటితో పాడైన చెరువుల శుద్ధి సహాయ చర్యలలో అతి కష్టమైన భాగంగా నిలిచాయి. 1990 మే 9న మరొక తీవ్ర తుఫాను కృష్ణా ముఖద్వారం సమీపంలో తీరాన్ని దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది.

నది వైపు నుండి 2009 అక్టోబరులో వచ్చిన వరదకు భట్టిప్రోలు మండలం ఓలేరు వద్ద కరకట్టకు గండి పడింది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదు కాగా కొల్లూరు, భట్టిప్రోలు మండలాల లంక గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకున్నాయి. నీరు తీసిన తరువాత పశువులకు రెండవ ముప్పు మొదలవుతుంది. బురద, కలుషిత నీరు, బూజుపట్టిన వరిగడ్డి, ఒకే మెరక మీద గుమిగూడిన మందలు గొంతువాపు, గాలికుంటు వంటి వ్యాధులు ప్రబలడానికి దోహదం చేస్తాయి. మురుగు కాలువల వెంబడి నత్తలు పెరిగి కార్జపు జలగల బెడద కూడా అధికమవుతుంది.

తొలకరికి ముందే టీకాలు

టీకా వేసిన రెండు మూడు వారాలకు గాని పశువులో తగినంత రోగనిరోధక శక్తి ఏర్పడదు. వరద వచ్చిన తరువాత వేసే టీకా ఆ వరద వలన కలిగే వ్యాధిని పూర్తిగా ఆపలేదు. కనుక గొంతువాపు, జబ్బవాపు, గొర్రెలలో చిటుక రోగం టీకాలను మే, జూన్ మాసాలలో, అనగా తొలకరికి ముందే పూర్తి చేయవలసి ఉంటుంది. టీకా మందును 2 నుండి 8 డిగ్రీల ఉష్ణోగ్రతలో భద్రపరచాలి. తుఫాను సమయంలో విద్యుత్ సరఫరా నిలిచిపోయే అవకాశమున్నందున పశువైద్యశాలలలో మంచుపెట్టెలు, ప్రత్యామ్నాయ విద్యుత్ ఏర్పాటు ప్రణాళికలో తప్పనిసరి అంశాలు.

2019 సెప్టెంబరు 11న మథురలో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం క్రింద గాలికుంటు వ్యాధికి ఆరు నెలలకొకసారి, బ్రుసెల్లోసిస్ వ్యాధికి 4 నుండి 8 నెలల వయస్సు గల ఆడ దూడలకు ఒకసారి టీకాలు నిర్దేశించబడ్డాయి. ప్రతి పశువు చెవికి 12 అంకెల గుర్తింపు పోగు వేసి టీకా వివరాలను నమోదు చేయడం ఈ కార్యక్రమంలో భాగం. పట్టుదలతో చేసిన టీకాల ఫలితం మన దేశానికి అనుభవపూర్వకంగా తెలిసినదే. తరతరాలుగా పశుసంపదను హరించిన ముసర వ్యాధి నుండి భారతదేశం 2006లో విముక్తి పొందింది. 2011లో ఆ వ్యాధి ప్రపంచం నుండే నిర్మూలించబడినట్లు ప్రకటించడమైనది.

సమాచారం ఇవ్వడం చట్టరీత్యా బాధ్యత

పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం, 2009 ప్రకారం షెడ్యూలులోని వ్యాధి సోకినట్లు అనుమానం కలిగినప్పుడు యజమాని ఆ విషయాన్ని గ్రామాధికారికి లేదా పంచాయతీ బాధ్యులకు తెలియజేయాలి. వ్యాధిగ్రస్త పశువును మంద నుండి వేరు చేయాలి. వ్యాధి ప్రాంతాన్ని ప్రకటించి పశువుల రవాణాను, సంతలను నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఉంది. దొమ్మ రోగంతో మరణించినట్లు అనుమానమున్న పశువు కళేబరాన్ని ఎట్టి పరిస్థితులలోను కోయరాదు. భూగర్భ జలమట్టం పైకి ఉన్న తీర మండలాలలో కళేబరాలను పూడ్చడానికి బావులకు, కాలువలకు దూరంగా ఉన్న మెరక స్థలాలను వర్షాకాలానికి ముందే రెవెన్యూ అధికారులు గుర్తించి ఉంచడం అవసరం.

కోళ్లలో బర్డ్‌ఫ్లూ

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలో, 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో కోళ్లకు బర్డ్‌ఫ్లూ సోకినట్లు భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థ నిర్ధారించింది. 2025 మార్చిలో మంగళగిరి ఎయిమ్స్‌లో మరణించిన పల్నాడు జిల్లా చిన్నారికి హెచ్5ఎన్1 వైరస్ సోకినట్లు తరువాత పరీక్షలలో వెల్లడైంది. కోళ్ల వ్యాధి మనుషుల ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా అని ఈ సంఘటన స్పష్టం చేసింది. అందువలన పశుసంవర్ధక, వైద్య ఆరోగ్య శాఖలు ఏకకాలంలో రంగంలోకి దిగవలసి ఉంటుంది.

జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకారం వ్యాధి కేంద్రం చుట్టూ 1 కిలోమీటరు వరకు వ్యాధి మండలం, అక్కడి నుండి 10 కిలోమీటర్ల వరకు నిఘా మండలం ఏర్పాటవుతాయి. ఇందులో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. 2022 ఏప్రిల్ 4 వరకు తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ ఒకే గుంటూరు జిల్లాలో ఉండేవి. జిల్లాల పునర్వ్యవస్థీకరణలో బాపట్ల, రేపల్లెతో పాటు తెనాలికి ఆనుకొని ఉన్న చుండూరు మండలం కూడా బాపట్ల జిల్లాలో చేరగా, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. కనుక తెనాలి పరిసరాలలో గీసే 10 కిలోమీటర్ల వలయం రెండు జిల్లాల మీదుగా పోతుంది. ఇద్దరు కలెక్టర్ల ఉత్తర్వులు ఒకే రోజున, ఒకే విధంగా వెలువడని పక్షంలో ఒక వైపు మూసిన సంత మరొక వైపు తెరచి ఉండే ప్రమాదముంది. ఉమ్మడి ముసాయిదా ఉత్తర్వులను ముందుగానే సిద్ధం చేసుకోవడం ఇందుకు మార్గం.

హెచ్చరిక వెలువడినప్పుడు

తుఫాను హెచ్చరిక అందగానే పశువులను మెరక ప్రాంతాలకు తరలించాలి. తరలించే వ్యవధి లేనప్పుడు పలుపుతాళ్లు విప్పి వదిలివేయాలి. కట్టుకొయ్యకు కట్టి ఉన్న పశువుకు ఈది బయటపడే అవకాశం ఉండదు. ఎండుగడ్డి, దాణా, మంచినీటి నిల్వలను పునరావాస కేంద్రాల వద్ద ముందే చేర్చాలి. పశువులకు చోటు లేని కేంద్రానికి రైతు కుటుంబం రావడానికి వెనుకాడుతుంది. పశువుల తరలింపు ఆ విధంగా మనుషుల ప్రాణరక్షణలో కూడా భాగమవుతుంది. అత్యవసర పశువైద్య సేవలకు 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పరిహారం

2022–23 నుండి 2025–26 వరకు విపత్తు సహాయ నిధి నిబంధనల ప్రకారం వైపరీత్యంలో మరణించిన పాడి గేదె లేదా ఆవుకు రూ. 37,500, దుక్కిటెద్దుకు రూ. 32,000, దూడకు రూ. 20,000, గొర్రె లేదా మేకకు రూ. 4,000, కోడికి రూ. 100 చొప్పున నిర్ణయించారు. కుటుంబానికి 3 పెద్ద పాడి పశువులు లేదా 30 చిన్న జీవాలు గరిష్ఠ పరిమితి. నష్టాన్ని అధీకృత అధికారి ధ్రువీకరించాలి. తదుపరి కాలానికి వర్తించే ఉత్తర్వులను అధికారులు, పాత్రికేయులు సరిచూసుకోవలసి ఉంటుంది.

బర్డ్‌ఫ్లూ నష్టం ఈ నిధి పరిధిలోకి రాదు. దానికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు చెరి సగం భరించే ప్రత్యేక పథకం ఉంది. ఆ పథకంలో ప్రభుత్వ ఆదేశంపై వధించిన కోళ్లకే పరిహారం లభిస్తుంది గాని, అంతకు ముందే వ్యాధితో మరణించిన కోళ్లకు లభించదు. సమాచారం దాచిన ప్రతి రోజు రైతుకే నష్టం. ఈ ఒక్క విషయం గ్రామసభలలో, పత్రికలలో విస్తృతంగా ప్రచారమైతే వ్యాధి తొలి గ్రామంలోనే ఆగిపోయే అవకాశం ఎంతో మెరుగుపడుతుంది.