గ్లాడిస్ బెంట్లీ స్వీయకథనం: నల్లజాతి లెస్బియన్ అస్తిత్వం, పత్రికా చిత్రణ

1952 ఆగస్టు 'ఎబొనీ' మాసపత్రికలో గాయని గ్లాడిస్ బెంట్లీ (1907–1960) స్వీయకథనం వెలువడింది. తాను తిరిగి స్త్రీనయ్యానన్న ప్రకటనే దాని శీర్షిక. దానితోపాటు అచ్చయిన ఛాయాచిత్రాలలో ఆమె వంట రుచి చూస్తూ, భర్త రాకకై పడక సర్దుతూ కనిపిస్తుంది. ఇరవయ్యేళ్ళ క్రితం హార్లెమ్ ఎరిగిన బెంట్లీ వేరు. ఫిలడెల్ఫియాలో పుట్టి, పదహారో ఏట ఇల్లు విడిచి న్యూయార్కు చేరి, తెల్లని సూటు, పొడుగు టోపీ ధరించి పియానో వాయిస్తూ, జనం నోళ్ళలో నలిగిన పాటల వరుసలకు కొంటె శృంగారపు మాటలు కట్టి పాడిన గాయని ఆమె. స్త్రీల పట్ల తన అనురాగాన్ని ఆమె దాచలేదు. ఆ దాచకపోవడం కూడా ఆమె ప్రఖ్యాతిలో భాగమే.

ఈ కథనాన్ని కేవలం పశ్చాత్తాప పత్రంగా చదవడం తొందరపాటు అవుతుంది. మద్యనిషేధం ముగిసి హార్లెమ్ రాత్రి క్లబ్బుల వెలుగు తగ్గాక 1937లో ఆమె లాస్ ఏంజిలిస్‌కు తరలిపోయింది. అక్కడ వేదికపై ప్యాంటు ధరించడానికి పోలీసుల ప్రత్యేకానుమతి కావలసి వచ్చింది. 1950లో అమెరికా సెనేట్ ఉపసంఘం స్వలింగానురాగులు ప్రభుత్వోద్యోగాలకు తగరని నివేదించింది. 'ఎబొనీ' నల్లజాతీయుల సొంత పత్రిక. 1945లో షికాగోలో జాన్ హెచ్. జాన్సన్ స్థాపించినది. శ్వేతజాతి పత్రికల అవహేళనకు జవాబుగా అది నల్లజాతి మధ్యతరగతి కుటుంబ మర్యాదను చూపదలచింది. ఆ మర్యాదలో బెంట్లీకి చోటు దొరకాలంటే గృహిణి రూపం తప్పనిసరి. జాతి అవమానాన్ని ఎదిరించిన పత్రికే మరొక అవమానానికి వేదిక కావడం ఈ చరిత్రలో బాధాకరమైన అంశం.

కథనపు కట్టడి కూడా గమనించదగ్గది. తల్లి మగబిడ్డను కోరుకున్నదనీ, తనను దగ్గరకు తీయలేదనీ చెప్పడంతో 'కారణం' ఏర్పడుతుంది. హార్మోన్ల చికిత్సతో 'నివారణ' వస్తుంది. ఆనాటి మనోవైద్యం అందించిన రోగచరిత్ర చట్రమిది. బెంట్లీ ఆత్మకథను ఆ చట్రంలోనే చెప్పుకోవలసి వచ్చింది. అయినా తన రంగస్థల వైభవాన్ని తలచుకునే చోట్ల ఆ గొంతులో సిగ్గు వినిపించదు.

ఈ చట్రాన్ని తిరస్కరించే రచన వెలువడడానికి మరో ముప్పయ్యేళ్ళు పట్టింది. హార్లెమ్‌లోనే పెరిగిన ఆడ్రీ లార్డ్ 1982లో 'జామి'ని ప్రచురించింది. కరియకూ ద్వీపంలో స్నేహితులుగా, ప్రేయసులుగా కలిసి పనిచేసే స్త్రీలకు వాడే మాటను ఆమె తన పేరుగా స్వీకరించింది. చరిత్ర, జీవితకథ, పురాణం కలిసిన ఈ రచనలో లెస్బియన్ కావడం నయం చేసుకోవలసిన వ్యాధి కాదు, తల్లుల నాడు నుండి అందిన వారసత్వం.

1996లో షెరిల్ డున్యే తీసిన 'ది వాటర్‌మెలన్ ఉమన్' ప్రశ్నను మరోవైపు తిప్పింది. 1930ల చలనచిత్రాలలో దాసి పాత్రలు వేసిన ఒక నల్లజాతి నటి ప్రేమజీవితాన్ని అందులో నాయిక వెదుకుతుంది. ఆ నటి కల్పితమని చివర తెలుస్తుంది. ఆమె 'పాత' ఛాయాచిత్రాలను జోయీ లియొనార్డ్ ఈ చిత్రం కోసమే సృష్టించింది. దస్తావేజులు లేనిచోట వాటి లేమినే కథావస్తువు చేయడం డున్యే సాధించిన ఘనత.

బెంట్లీ విషయంలో కల్పన అక్కరలేదు. తెల్లని సూటులో ఆమె నిలిచిన ప్రచార పోస్టుకార్డు వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి జాతీయ సంగ్రహాలయంలో ఉంది. 1952 నాటి కథనాన్ని ఆ కార్డు పక్కన పెట్టి చదవవలసి ఉంది.