మీటలును తాళములును

పొలముల లెక్కలు, పింఛనుల పట్టికలు, బడిపిల్లల మార్కులు మునుపు కరణముగారి పెట్టెలోను, ప్రధానోపాధ్యాయుని బీరువాలోను ఉండెడివి. పెట్టెకు తాళ ముండెడిది. తాళపుచెవి యెవరి మొలత్రాటను వ్రేలాడుచున్నదో ఊరెల్లరును ఎఱుగుదురు. నేడు ఆ లెక్కలు కంప్యూటర్లలో నున్నవి. ఆ తాళము కంటికి కనబడదు. తాళపుచెవి యొక మాట మాత్రమే; దానినే పాస్‌వర్డందురు. ఆ మాటను కీబోర్డు మీటలు నొక్కి యంత్రమునకు తెలుపవలెను. అయితే, తాళము తీయవలసిన ఆ మీటలే కొన్ని వేళల తాళముతో పనిలేకుండ లోనికి పోవు దొడ్డిదారు లైనవి. లినక్సు అను పేరుగల కంప్యూటరు వ్యవస్థ చరిత్రలో ఇట్టి ఘట్టములు పెక్కు కలవు. వానిని గూర్చి నేడు మీకు మనవి చేయదలచితిని.

లోనికి వచ్చువానిని గుర్తు అడుగుట క్రొత్త యాచారము కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముద్రాధ్యక్షుడను అధికారి యొకడు కలడు. అతడు మాష మొకటి పుచ్చుకొని ముద్ర నొసగును. ముద్ర లేనివాడు జనపదమును ప్రవేశింపనురాదు, విడిచి పోవనురాదు. కంప్యూటరునకు ఈ యాచారము 1960 తరువాతి తొలి యేండ్లలో అబ్బినది. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున ఫెర్నాండో కొర్బటో అను నాతడు ఒకే యంత్రమును పెక్కుమంది ఒకేమారు వాడుకొను పద్ధతిని నిర్మించి, 1961లో చూపించెను. ఒకరి కాగితములు వేఱొకరి కంట బడకుండుటకై ప్రతివానికిని ఒక రహస్యపు మాట ఏర్పాటు చేసిరి. ఆ రహస్యము ఎంతోకాలము నిలువలేదు. 1962లో అలన్ షెర్ అను విద్యార్థి, తనకు కేటాయించిన సమయము చాలక, ఎల్లర పాస్‌వర్డులు గల పట్టికను అచ్చువేయుమని యంత్రమునే కోరెను. యంత్రము అచ్చువేసి యిచ్చెను! అటుపిమ్మట కొన్నియేండ్లకు, అక్కడనే, రెండు పట్టికలు తారుమారై, ప్రవేశించిన ప్రతివానికిని నాటి ప్రకటనకు మారుగా అందఱి పాస్‌వర్డులును కనబడినవి.

ఇట్టి అనుభవముల పిదప, 1969లో బెల్ ప్రయోగశాలలందు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు ఆరంభించిన యూనిక్సు వ్యవస్థలో ఒక మంచి యుపాయము అవలంబింపబడినది. మాటను ఉన్నదున్నట్లు దాచక, తిరుగలిలో విసరినట్లు రూపుమాపి ఆ పిండిని మాత్రమే దాచుట. పిండినుండి గింజను మరల రాబట్టలేము. వచ్చినవాడు చెప్పిన మాటనుగూడ అట్లే విసరి, రెండును సరిపోలినచో లోనికి విడుతురు. ఇద్దఱు ఒకే మాటను ఎన్నుకొన్నను పిండి వేఱువేఱుగా నుండుటకై అందులో 4,096 విధములలో ఒక విధమైన కలుపును చేర్చిరి. దానికి వారు పెట్టిన పేరు ‘ఉప్పు’. పేరులో రుచి యెఱిగినవారు!

యంత్రముపని ఇంత చక్కగా చేసినను మనుష్యులు తమపని చేయలేదు. 1979లో రాబర్ట్ మోరిస్, థాంప్సన్ ఇరువురును ప్రకటించిన వ్యాసములో లెక్క యున్నది. వారు పరీక్షించిన 3,289 పాస్‌వర్డులలో ఒకే యక్షరము గలవి 15, రెండక్షరములవి 72, మూడక్షరములవి 464. నిఘంటువులలో దొరకు మాటలు మొదలగువానినిగూడ చేర్చి చూడగా, సులభముగా పట్టుబడునవి 2,831. అనగా నూటికి 86 పాళ్లు. నలువది యేండ్లు దాటినను ఈ విషయమున మనుష్యస్వభావము మాఱినదని నాకు తోచదు.

లినక్సు ఈ యూనిక్సు పోలికతో పుట్టినది. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లినస్ టోర్వాల్డ్స్ అను ఇరువదియొక్క యేండ్ల యువకుడు దానిని ఆరంభించెను. దాని లోపలి వ్రాతను ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచిపెట్టవచ్చును. అందువలననే కేరళ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో అది వ్యాపించినది. మన హైదరాబాదున ‘స్వేచ్ఛ’ యను సంస్థ దానికి తెలుగు వేషము కట్టినది. ఒక యంత్రము ముందు గంటకొక పిల్లవాడు కూర్చుండు బడిలో తాళము సంగతి చిన్నది కాదు. పాత యూనిక్సులో పాస్‌వర్డుల పిండి యున్న పట్టికను ఎవరైనను చదువగలిగెడివారు; లినక్సులో దానిని యజమాని తప్ప వేఱొకడు తెఱువరాని మఱుగు పట్టికలోనికి మార్చిరి. దాని పేరు ‘షాడో’, అనగా నీడ.

ఇక మీటల సంగతి. రెండు మూడు మీటలు ఒక్కమారు నొక్కినచో ఒక పని నెరవేఱునట్లు చేయుట కంప్యూటర్లలో పరిపాటి. అందు లోకప్రసిద్ధమైనది కంట్రోలు, ఆల్టు, డిలీటు మీటల కూటమి. 1981లో వెలువడిన ఐ.బి.యం. కంప్యూటరు కొఱకు డేవిడ్ బ్రాడ్లీ యను ఇంజనీరు దానిని కల్పించెను. మొదట డిలీటునకు మారుగా ఎస్కేపు మీట యుండెడిది. అది ఒంటిచేతికి అందుచు, పొరపాటున నొక్కబడి యంత్రము చల్లారి మరల మొదలగునను భయముచేత, రెండుచేతులు కావలసిన దూరపు మీటను ఎన్నుకొనిరి. ఈ జాగ్రత్త కొనియాడదగినది.

లినక్సులో కంట్రోలు, ఆల్టు పట్టుకొని ఎఫ్3 మొదలగు మీటలు నొక్కినచో బొమ్మల తెర మఱుగై, నల్లని వ్రాత తెర యొకటి వచ్చి పేరు, పాస్‌వర్డు అడుగును. ఇట్టి తెరలు ఒకే యంత్రములో ఆఱేడు గదులవలె నుండును. నేను పనిచేసిన బడిలో ఒక పిల్లవాడు దీనిని నొక్కి, కంప్యూటరు చచ్చిపోయినదని పరుగెత్తుకొని వచ్చెను. చావలేదు నాయనా, ప్రక్కగదిలో నున్నావని చెప్పి ధైర్యము పలుకవలసివచ్చెను. ఈ ప్రక్కగదియే తాళమునకు మొదటి చిక్కు తెచ్చినది.

ఎట్లన: లినక్సులో బొమ్మల తెరను నడుపుటకు చిరకాలము వాడబడినది ‘ఎక్స్’ అను వ్యవస్థ. అది 1984లో, పైని చెప్పిన మసాచుసెట్సు విద్యాలయముననే, లినక్సునకు ఏడేండ్లు ముందుగా పుట్టినది. పనివాడు లేచిపోవునపుడు వేయు తెరతాళము ఎక్స్ దృష్టిలో తాళమే కాదు. తక్కిన వానివంటి మఱొక సామాన్యపు ప్రోగ్రాము. అది తెరనంతయు కప్పి, మీటలన్నియు తనకే వినబడునట్లు పట్టుకొని కూర్చుండును. తలుపు గాదు, గుమ్మమునకు కట్టిన దుప్పటి. దుప్పటి జాఱినయెడల ఇల్లు తెఱచియే యుండును. ‘ఎక్స్‌స్క్రీన్‌సేవర్’ అను తాళపు ప్రోగ్రామును 1992లో ప్రకటించిన జేమీ జవిన్స్కీ ఈ మాటనే పలుమారులు హెచ్చరించుచు వచ్చెను: తాళపు ప్రోగ్రాము ఎంత చిన్నదైన అంత మేలు, అందు అలంకారములు చేర్చినచో అది కూలుటకు హేతువులు పెరుగునని.

కొందఱు పనివారు మొదట వ్రాత తెరపై ప్రవేశించి, అచ్చటినుండి చేతితో బొమ్మల తెరను లేపుకొనెడివారు. అట్టివాడు తెరతాళము వేసి భోజనమునకు పోయెననుకొందము. దుష్టు డొకడు వచ్చి మీటలతో ప్రక్కగదికి మఱలి, అచ్చట కంట్రోలు, సి నొక్కినచో బొమ్మల తెర ఆఱిపోయి, పనివాని పేరిటనే తెఱచియున్న గది చిక్కెడిది. పాస్‌వర్డుతో పనియే లేదు. కంట్రోలు, ఆల్టు, బ్యాక్‌స్పేసు నొక్కినను ఫలము అదియే. ఈ కడపటి కూటమి 2009లో వెలువడిన ఉబుంటు 9.04 కూర్పునుండి మామూలుగా పనిచేయకుండ చేయబడినది. అదియైనను తాళము కొఱకు గాక, పొరపాటున నొక్కి పని పోగొట్టుకొనువారి మొఱల వలన జరిగినది.

2012 జనవరిలో మఱొక వింత బయటపడినది. మీటలను పట్టుకొని విడువని ప్రోగ్రామును విదల్చుటకై, ఎక్స్ నిర్మాతలు తమ పరీక్షల నిమిత్తము ఒక కూటమిని ఉంచుకొనిరి: కంట్రోలు, ఆల్టు, అంకెల గడిలోని నక్షత్రపు మీట. 2011లో వచ్చిన 1.11 సంఖ్యగల కూర్పున అది యెల్లరకును అందుబాటైనది. తెరతాళము చేయుపని మీటలను పట్టుకొనుటయే గదా! ఆ మూడు మీటలు నొక్కగానే తాళము తొలగి, యజమాని కాగితములు ఎదుట నిలిచినవి. వడ్రంగి తనకై ఉంచుకొన్న సందు దొంగకు దారి యైనది.

2015 డిసెంబరులో స్పెయిను దేశపు వాలెన్సియా పాలిటెక్నిక్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఎక్టోర్ మార్కో, ఇస్మాయేల్ రిపోల్ అనువారు ప్రకటించినది ఇంకను చిత్రము. లినక్సు మేల్కొనుటకు ముందు గ్రబ్ అను చిన్న ప్రోగ్రాము నడుచును. దానికిని పాస్‌వర్డు పెట్టవచ్చును. అది పేరు అడుగునపుడు బ్యాక్‌స్పేసు, అనగా అక్షరమును చెరుపు మీటను, 28 మారులు నొక్కినయెడల తాళము తప్పి, లోపలి మరమ్మతు గది తెఱచుకొనెడిది. (అభిజిత్తును కలుపుకొన్న నక్షత్రముల సంఖ్యయు నదియే, ఇందు జ్యోతిషము వెదకువారు లేకుందురుగాక!) కారణము స్వల్పము. చెరుపుటకు అక్షరము లేనప్పుడుగూడ ఆ ప్రోగ్రాము లెక్కను తగ్గించుచు సున్నకు దిగువకు పోయి, తన స్మృతిలో తాకరాని చోట్లను చెరిపివేసెడిది. ఈ లోపము 2009నాటి కూర్పునుండి ఆఱేండ్లు ఎవరి కంటను పడలేదు. వ్రాత యందఱి యెదుట నున్నంత మాత్రమున అందఱును చదివిరని అనుకొనరాదు.

మఱుసటి యేడు, 2016 నవంబరులో, వారే మఱొకటి చూపిరి. డిస్కునంతయు రహస్యలిపిలో దాచు ఏర్పాటులో పాస్‌వర్డు అడుగునపుడు ఎంటరు మీటను సుమారు 70 సెకండ్లు పట్టుకొని యుంచినచో, తప్పుల లెక్క ముగిసి, కావలివాడు విసిగినట్లు యంత్రము సర్వాధికారములు గల వ్రాత తెరను ఇచ్చెడిది. దాచిన కాగితములు అప్పటికిని రహస్యలిపిలోనే యుండును. కాని ఆ డిస్కును నకలు తీయుటకో, పాడుచేయుటకో వచ్చినవానికి అడ్డులేదు. డెబియను, ఉబుంటు వంటి ప్రసిద్ధమైన పంపకములలోనే యిది జరిగినది.

2021 జనవరిలో కనుగొన్నవారు పండితులు గారు, పిల్లలు. తండ్రి యొకడు లినక్సు మింటు తెరకు తాళము వేసి యుండగా, పిల్లలు కీబోర్డు మీటలను, తెరపై కనబడు మీటల బొమ్మలను ఒక్కమారు ఇష్టమువచ్చినట్లు కొట్టిరి. తాళపు ప్రోగ్రాము కూలినది, తెర తెఱచుకొన్నది. రెండవమారు చేసినను అట్లే జరిగినది. విచారింపగా, తెర మీటలలో గీత గల ‘ఎ’ యను లాటిన్ అక్షర మొకటి నొక్కుటతో ఆ ప్రోగ్రాము కూలుచున్నదని తేలినది. కొలది దినములలో సవరించిరి. జవిన్స్కీ తన హెచ్చరికను మఱొకమారు గుర్తుచేసెను, కొంత కోపముతోనే.

ఈ ఘట్టములలో ప్రతిదానిని వేఱువేఱుగా దిద్దిరి గాని, దుప్పటిని తలుపుగా మార్చుట అట్లు సాధ్యము కాదు. ఇల్లే మార్చి కట్టవలసివచ్చెను. 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ ఆరంభించిన ‘వేలాండ్’ అను క్రొత్త వ్యవస్థ ఎక్స్ స్థానమున క్రమముగా ప్రవేశించినది. తెరను చిత్రించు మూలప్రోగ్రామే తాళమునకు పూచీ వహించు నియమము 2022లో దానికి చేర్చిరి. ఆ నియమము ననుసరించు యంత్రములో పాస్‌వర్డు అడుగు ప్రోగ్రాము నడుమ కూలినను తెర తెఱచుకొనదు, కాగితములు కనబడవు. అప్పుడు యజమానియు బయటనే నిలువవలెను. అతడు కంట్రోలు, ఆల్టు, ఎఫ్3 నొక్కి ప్రక్కగదికి పోయి, అచ్చట తన పేరును పాస్‌వర్డును చెప్పుకొని, కూలిన తాళపు ప్రోగ్రామును మరల లేపి, దాని యెదుట మరల పాస్‌వర్డు చెప్పి లోనికి రావలసి యుండును.