మొండి గుర్రం, మట్టిగోడ

రెండేళ్ల క్రితం ఆళ్లగడ్డలో మా బంధువుల పెళ్లి జరిగింది. ఊరేగింపులో పెళ్లికొడుకు ఎక్కాల్సిన గుర్రం టపాకాయల మోతకు ముందుకాళ్లు ఎత్తేసి, డప్పులవాళ్ల మీదికి పోబోయింది. "రెండు తగిలిస్తే అదే దారికొస్తుంది" అని కుర్రాళ్లు కేకలు. గుర్రాన్ని తెచ్చిన ముసలాయన చేతిలో కొరడా ఉంది గానీ ఎత్తలేదు. కళ్లెం కాస్త వదులు చేసి, భుజం మీది తువ్వాలు దాని కళ్లకు అడ్డంగా వేసి, మెడ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "కొట్టొచ్చు కదా తాతా" అని నేనే అడిగాను. వార్డెన్ బుద్ధి ఎక్కడికి పోతుంది!

"బెదిరినదాన్ని కొడితే ఇంకా బెదురుతాదమ్మా. పొగరుతో చేసిందా, భయంతో చేసిందా, అది ముందు చూసుకోవల్ల" అన్నాడు.

ఆ మాట పట్టుకుని నాకు దొరికిన పుస్తకాలన్నీ తిరగేశాను. క్రీ.పూ. 4వ శతాబ్దంలో గ్రీసులో జెనోఫన్ అనే సేనాని గుర్రపు స్వారీ మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. కోపంలో ఉన్నప్పుడు గుర్రం దగ్గరకు పోవద్దన్నది అందులో ముఖ్యమైన మాట. గుర్రం దేన్నో చూసి జంకితే నెమ్మదిగా దాని దగ్గరకు తీసుకెళ్లాలట. కొడితే ఆ నొప్పికి కూడా జంకిన వస్తువే కారణమనుకుని రెట్టింపు భయపడుతుందట. మన శుక్రనీతి ఇంత మెత్తగా మాట్లాడదు. ఏ తప్పుకు ఒంటి మీద ఎక్కడ కొట్టాలో లెక్క చెబుతుంది. అయితే చోటు తప్పి కొడితే గుర్రానికి కొత్త దోషాలు పుడతాయనీ, అవి బతికున్నన్నాళ్లూ పోవనీ అదే హెచ్చరిస్తుంది. తెలుగులోనూ మనుమంచి భట్టు గుర్రాల మీద పద్యాల్లో ఒక శాస్త్రమే రాశాడు.

అమెరికా నుంచి లండన్ వచ్చిన జాన్ రేరీ కథ వేరు. ఇనుప చిక్కం తగిలిస్తే తప్ప దగ్గరకు పోలేని క్రూయిజర్ అనే గుర్రాన్ని ఆయన దెబ్బ కొట్టకుండా మచ్చిక చేశాడని లోకమంతా మెచ్చుకుంది. ఆయన పద్ధతి ఏమిటంటే, ముందుకాలు ఒకటి మడిచి పట్టీతో కట్టేయడం, గుర్రం అలిసిపోయి పడుకునేదాకా ఆగడం, ఆ తర్వాత ఒళ్లంతా నిమరడం. దెబ్బ లేదన్నది నిజమే. కానీ నిమిరే ముందు కాలు కట్టేశాడు కదా. మెత్తగా చూశామని చెప్పుకునే చోట ఆ కట్టును నేను ఇప్పుడు వెతుకుతుంటాను.

ఇక మన సీమకు వద్దాం. విజయనగర రాజులకు మంచి గుర్రాలు ఓడల మీద హోర్ముజ్ నుంచి రావాల్సిందే. విజయనగర రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అంతకు ముందు సాళువ నరసింహరాయలైతే సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపించినా ధర ఇచ్చేవాడట! అంత ఖరీదు పెట్టి తెచ్చిన జంతువును ఎవరూ ఊరికే కొట్టి పాడుచేసుకోరు. శ్రీశైలం ప్రాకారం గోడ మీద చెక్కిన గుర్రాలను చూస్తే వాటి విలువ ఎంతో తెలుస్తుంది. అదే గోడ మీద కిరాతుడి వేషంలో శివుడు కూడా ఉన్నాడు.

1515లో, కళింగ దండయాత్ర రోజుల్లో, కృష్ణదేవరాయలు మన అహోబిలం వచ్చి స్వామికి కానుకలిచ్చాడు. చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి ఆయన. ఆ రాజే ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో రాజనీతి చెబుతూ అడవి జనం ప్రస్తావన తెచ్చాడు. వాళ్లను అణచాలని చూడటం మట్టిగోడను కడగడం లాంటిదట, కడిగేకొద్దీ మట్టే వస్తుందట. కోపగించి లాభం లేదు, మాట ఇచ్చి నిలుపుకుని మనవాళ్లను చేసుకోవాలి అంటాడు. ఇంతవరకూ చదివి సంతోషపడ్డాను. ఆ తర్వాతి మాట ఏమిటంటే, అలా చేస్తే వాళ్లు దండయాత్రలకూ శత్రుదేశాన్ని దోచడానికీ పనికొస్తారు! గుర్రాన్ని నిమిరిన చేత్తోనే మనల్నీ నిమిరారన్నమాట. అయినా మాట నిలుపుకోవాలన్నాడు, ఆ మేరకు ఆయన నయమే.

ఇంగ్లీషువాళ్లు మట్టిగోడను కడగడానికే దిగారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఎరుకలవాళ్లలాంటి కులాలను పుట్టుకతోనే దొంగలని రాసేశారు. వేలిముద్రలు, హాజర్లు, ఊరు దాటాలంటే చీటీ. స్టువర్టుపురం అందరికీ తెలుసు. మన నల్లమల అంచున సిద్ధాపురంలోనూ అలాంటి సెటిల్‌మెంటు పెట్టారన్నది మన పిల్లల్లో చాలామందికి తెలియదు. దేశమంతటా ఆ చట్టం పోవడానికి 1952 దాకా పట్టింది.

ఇదంతా నాకు పుస్తకంలో విషయంగానే ఉండేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను బెత్తం పట్టిన మనిషిని. నంద్యాలలో బీఈడీ చదివేటప్పుడు పిల్లల మనస్తత్వం మీద మంచి మార్కులే వచ్చాయి. హాస్టల్లో ఎనభై మంది పిల్లలు ఎదురయ్యాక అదంతా మర్చిపోయాను. ఒక ఎరుకల పాప రాత్రి హాజరు పిలిస్తే పలికేది కాదు. పొగరనుకుని రెండు దెబ్బలు వేశాను. మర్నాడు తెల్లవారేసరికి పాప లేదు. నడుచుకుంటూ ఇల్లు చేరింది.

తీసుకురావడానికి వెళితే వాళ్ల అవ్వ నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. తిట్టలేదు. "మా నాయన కూడా రాత్రిపూట పేరు పిలిస్తే పలకాల్సి వచ్చేది మేడమ్. పలక్కపోతే కొట్టేవాళ్లు. ఆ సంగతి పిల్లకు నేనే చెప్పినా" అంది.

నాకు నోట మాట రాలేదు. పాప మూడు వారాల తర్వాత తనంతట తానే వచ్చింది. ఎందుకు వచ్చిందో నేను అడగలేదు, తను చెప్పలేదు. హాజరు ఇప్పటికీ రాస్తాను, రాయక తప్పదు. వరుసలో నిలబెట్టి పేర్లు పిలవడం మాత్రం మానేశాను. రాత్రి అన్నాలు పెట్టేటప్పుడు పిల్లల పక్కన కూర్చుని, ఎవరు తిన్నారో చూసుకుంటూ టిక్కు పెడతాను.