గాలివానలు – మన ఇండ్ల పైకప్పులు

సాతవాహన ప్రభువగు హాలుడు కూర్చినదని ప్రసిద్ధి కెక్కిన ప్రాకృత గాథాసప్తశతిలో ఒక చిన్న గాథ గలదు. పెనిమిటి దేశాంతరము పోయినాడు. ఆతడు మరలివత్తునన్న గడువును ఇల్లాలు గోడమీద వ్రాసికొన్నది. ఇంతలో ఝంఝామారుతము వీచి ఇంటిమీది గడ్డిని ఎగురగొట్టినది. కప్పు చిల్లులనుండి నీరు ధారలు కట్టి కారుచుండగా ఆమె ఆ గోడవ్రాతకు చేతులడ్డుపెట్టి కాపాడుకొనుచున్నది. కథ ఇంతే. రసజ్ఞులు దీనిని విరహమునకు ఉదాహరణముగా చూపుదురు. నాకు మాత్రము దీనిని చదివినపుడెల్ల ఆ ఇంటిని మరునాడు ఎవరు నేసిరి, ఆ వానలో గడ్డి ఎక్కడ దొరికెను అను ప్రశ్నలే తోచును. లెక్కలు వ్రాయువాని బుద్ధి అట్టిది. చదువరులు మన్నింతురు గాక.

రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి కావలెనని కార్యవర్గమువారు కోరినపుడు ఈ ప్రశ్ననే తీసికొనుట యుక్తమనిపించినది. రాజుల చరిత్ర మన బీరువాలలో చాల నున్నది. ఇంటికప్పుల చరిత్ర ఎవ్వరును వ్రాయలేదు.

మన తూర్పుతీరమునకు గాలివానలు క్రొత్తవి కావు. 1789 డిసెంబరులో కోరంగి రేవు ఉప్పెనపాలయ్యెను. అట్టి గాలివానల వృత్తాంతములను సేకరించి పరిశీలించిన కలకత్తావాసి హెన్రీ పిడింగ్టను దొర 1848లో నావికులకై ప్రచురించిన గ్రంథములో ‘సైక్లోను’ అను పేరు పెట్టెను. పాముచుట్టను స్ఫురింపజేయు గ్రీకుపదమునుండి దానిని కల్పించినాడు. మనవారు ‘వాయుగుండము’ అన్నమాటలోను గుండ్రముగా తిరుగుట అను భావమే ఉన్నది గదా! 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరని ఆనాటి అంచనా. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు 10,000 మంది పోయిరి. ఈ మూడింటిని చెప్పునపుడు చరిత్రకారులు నీటిని గూర్చియే చెప్పుదురు, అది సహజము. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమమీద పడిన తుపాను వేఱు. బలుసుతిప్ప, భైరవపాలెము మొదలగు సముద్రపుటొడ్డు పల్లెలను నీరు ముంచినను, లోపలి గ్రామములను పాడుచేసినది గాలియే. వేయిమందికి పైగా చనిపోయిరి. ఆరు లక్షలకు పైబడిన ఇండ్లు దెబ్బతిన్నవని లెక్కతేలినది. కొబ్బరితోటలు లక్షలచెట్లతో నేలకొరిగినవి. ఆ తుపానును ఎఱిగినవారు నేడు మన గ్రంథాలయములో చాలమంది ఉన్నారు కనుక దానిని వర్ణింప బూనుకొనను.

గాలి ఇంటిని త్రోసి పడగొట్టునని మనము తలంతుము. అది సగము సత్యమే. కప్పుపైనుండి వడిగా జారిపోవు గాలి దానిని మీదికి పీల్చును. తలుపో కిటికీయో ఊడినచో లోపలికి దూరిన గాలి క్రిందినుండి ఎత్తును. రెండును కూడినపుడు కప్పు గొడుగువలె లేచును. ఇందొక జమాఖర్చు చూపెదను. భారత ప్రమాణముల ప్రకారము మన తీరమునకు లెక్కగట్టు గాలి వేగము సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగమున గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 155 కిలోల బరువుతో సమానము. కప్పు మూలలయందును చూరులయందును పీల్పు అంతకు మించియు నుండును. బంగాళా పెంకు ఒక్కొక్కటి రెండు మూడు కిలోలు తూగును. చదరపు మీటరుకు పదునైదు పెంకులు పట్టుననుకొన్నను సుమారు నలువది కిలోలే. రేకులు అంతకంటెను తేలిక. ఖర్చు 155, జమ 40! మిగిలిన లోటును పూడ్చవలసినది కట్టు మాత్రమే. పెంకును రీపరుకు, రీపరును వాసమునకు, వాసమును దూలమునకు, దూలమును గోడకు, గోడను పునాదికి కట్టు కట్టు. ఈ వరుసలో ఒక్క ముడి వదులైనను మిగిలిన ముడులన్నియు వృథా. వేగము రెట్టింపైనపుడు ఒత్తిడి నాలుగింతలగునన్నది కూడ గుర్తుంచుకొనదగినది. మామూలు ఈదురుగాలికి నిలిచినది కదాయని తుపానుకును నిలుచునని నమ్మరాదు.

ఈ లెక్క ఎఱుగని మన పూర్వులు దాని ఫలితమును ఎఱుగుదురు. శ్రీకాకుళము, విశాఖపట్టణము మొదలు కృష్ణాతీరము వఱకు సముద్రపు ప్రాంతములలో కట్టిన చుట్టిండ్లను చూడుడు. గోడ గుండ్రము, కప్పు శంఖాకారము, చూరు మనిషి వంగి దూరవలసినంత క్రిందికి దిగియుండును. గాలికి ఎదురొడ్డు మూల ఒక్కటియు లేదు. ఏ దిక్కున వీచినను ఒక్కటే. సుడి కన్ను మీదుగా పోవునపుడు గాలి ఆగి, అరగడియకో గడియకో ఎదురుదిక్కునుండి మరల విజృంభించును; తూర్పునకు చూచి కట్టిన ఆనుకోలు కఱ్ఱలు అప్పుడు అక్కఱకు రావు. చుట్టిల్లు ఈ చిక్కునకు జవాబు. నలుచదరపు ఇండ్లలోను నాలుగువైపుల వాలుగల కప్పు, రెండువైపుల వాలుగల కప్పుకంటె గాలికి ఓర్చునది. వాలు మరీ తక్కువైనను పీల్పు హెచ్చగును. జాలరిపల్లెలలో తుపాను కబురు వినగానే పాత వలలను కప్పుమీద పఱచి అంచులను త్రాళ్లతో గూటములకు బిగించు అలవాటు గలదు. చూచుటకు సామాన్యమైన పని. కాని పీల్చుగాలికి విరుగుడుగా ఇంతకంటె చవుకైన ఉపాయము ఇంజనీర్లును చెప్పలేదు. వారి పుస్తకములలోను ఇదియే వ్రాయబడినది.

ఇక మరమ్మతు. తాటాకు ఇంటిని కప్పుటను ‘నేయుట’ అందురు. చూరునుండి మొదలిడి వరుసమీద వరుస పేర్చుచు, వెదురుబద్దలతో నొక్కి నారతో ముడివైచుచు కొప్పువఱకు పోవలెను. రెండు మూడేండ్ల కొకసారి వేసవిలో ఆకు కొట్టి, ఎండబెట్టి, బరువుపెట్టి, తొలకరికి ముందు నేయించుకొందురు. ఒకరి ఇంటికి ఒకరు బదులుపనికి వచ్చుట ఉండెడిది. ఇది సుఖకాలపు పద్ధతి. తుపాను వేసవి చూచి రాదు. మనకు పెద్ద తుపానులు తఱచుగా అక్టోబరు, నవంబరు మాసములలో వచ్చినవి. అపుడు నిరుటి గడ్డివాములు పశువులకే చాలవు. క్రొత్తగడ్డి ఇంకను చేలలో నీటిపాలై యుండును. తాడిచెట్ల ఆకు గాలికి చీలికలై పోవును. ఇల్లు నేయుటకు చేయితిరిగిన నలుగురికి నూరిండ్లవారు ఒక్కనాడే కబురు పెట్టుదురు. కూలి పెరుగును, ఆకు ధర పెరుగును, అప్పు పుట్టదు. 1996లో కోనసీమలో సమృద్ధిగా దొరికినది ఒక్కటే, పడిపోయిన చెట్ల కొబ్బరాకు. తమ జీవనాధారమైన తోట కూలగా ఆ తోట ఆకునే అల్లి తలదాచుకొన్నవారిని చూచినవారు మఱువలేరు. పచ్చియాకు త్వరగా ఎండి ముడుచుకొనును. మరుసటి వర్షాకాలమునకు అది కప్పు కాదు.

ఇట్టి కష్టముల పిమ్మటనే మన ఇండ్లు మారినవి. 1865లో మంగుళూరున బాసెల్ మిషనువారు తొలి పెంకుల కర్మాగారమును నెలకొల్పిరి. ఒకదానితో ఒకటి గాడిపడి కూర్చుండు ఆ పెంకు మన ప్రాంతమున బంగాళాపెంకైనది. కుమ్మరిచేతి గూనపెంకు వెనుకబడినది. నిప్పునకు భయము తగ్గినది, ఏటేట నేత ఖర్చు తప్పినది. కాని మరమ్మతులో ఒక పేచీ వచ్చినది. ఒక కర్మాగారపు పెంకు మఱియొకదాని గాడిలో సరిగా కూర్చుండదు. గాలికి నూఱు పెంకులు పోయినచో వేఱు అచ్చువి తెచ్చి ఇఱికింతుము. అవి ఎగుడుదిగుడుగా నిలుచును. ఆ సందునే తరువాతి గాలి వేలు దూర్చును. కొప్పునకు, చూరువరుసకు సున్నపు గార పెట్టి బిగించుట, చూరు పెంకులను తీగతో రీపరుకు కట్టుట పాత మేస్త్రీలు ఎఱిగిన పనులు. తొందరలో ఇవియే మొదట మానివేయుదురు. రేకుల సంగతి మఱింత కష్టము. ఊడిన రేకు కత్తివలె ఎగురును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానునాడు విశాఖపట్టణపు వీధులలో ఆ దృశ్యము కనబడినది. శ్లాబు ఎగురదు, నిజమే. ఉప్పుగాలికి లోపలి ఇనుము త్రుప్పుపట్టి పెచ్చులూడును, దాని బాగుచేత వేఱు గ్రంథమగును.

ఇండ్ల గణనను గూర్చి ఒక్కమాట చెప్పక తప్పదు. తుపాను వెనుక ఇండ్లను పూర్తిగా కూలినవి, తీవ్రముగా దెబ్బతిన్నవి, పాక్షికముగా దెబ్బతిన్నవి, గుడిసెలు అని విభజించి సాయమిత్తురు. కాగితముమీద ఈ విభజన స్పష్టముగానే ఉన్నది. మట్టిగోడల ఇంటి విషయమున ఇది నిలువదు. కప్పు పోయి గోడలు నిలిచిన ఇంటిని మూడవనాడు చూచినవారు ‘పాక్షికము’ అని వ్రాసికొని పోవుదురు. పదవనాడు మరల వాన కురియును. నెత్తిమీద కప్పులేని మట్టిగోడ నాని జారును. ఇల్లు కూలినది, లెక్క మారలేదు! మట్టిగోడకు కప్పే ప్రాణము. అందుచేత గోడలు నిలిచిన ఇండ్లకు ముందుగా, గణన పూర్తియగువఱకు ఆగక, కప్పదగిన పట్టాయో ఆకో అందినచో ఎన్నో ఇండ్లు దక్కును. ఆ తరువాత ఎంత వ్రాసినను, ఎంత ఇచ్చినను క్రొత్తగోడకు చాలదు.

వాననాటి ఇంటి యాతన రాజులకును తెలియనిది కాదు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో వర్షర్తువును వర్ణించుచు, తడికట్టెలు రాజక పొయ్యిముందు గృహిణులు పడు పాటును మఱువలేదు. సింహాసనముమీది మనిషి వంటింటి పొగను గమనించినాడు!

మన గ్రంథాలయపు కప్పు బంగాళాపెంకుదే. నిరుడు వేసవిలో పడమటి వాలున చూరువరుసలు మూడింటిని తీగతో రీపర్లకు కట్టించి, కొప్పునకు గార తిరుగ పెట్టించితిమి. పనివారు పెంకులు తీసినపుడు వాసములు కొన్నిటికి దూలముతో కట్టే లేదని తేలినది. వానిని ఇనుప పట్టీలతో బిగించిరి. తూర్పు వాలు అట్లే మిగిలినది. ప్రబంధములున్న రెండు బీరువాలు దాని క్రిందనే ఉన్నవి. చందా బకాయిలు వసూలైనచో ఆశ్వయుజమునకు ముందే ఆ పని ముగింపవలెనని కార్యవర్గము తీర్మానించినది.