పెరటిదొడ్డి చరిత్రము
(తెనాలి, బాపట్ల, రేపల్లె సీమల గృహశాకవాటికలు)

చరిత్రమనగా రాజుల యుద్ధములును, శాసనములును మాత్రమే యని తలంచుట మనకు అలవాటైపోయినది. మేము చిరకాలము బాలురకు పాఠములు చెప్పినవారము గనుక ఆ దోషమున మాకును భాగము కలదు. కృష్ణ ఆనకట్ట నే యేట కట్టిరో కంఠస్థము చేయించితిమే కాని, మన యిండ్లలో కూర యెక్కడనుండి వచ్చెడిదో ఒక్కనాడైనను అడిగినవారము కాము. మహాసభ సంచికకు వ్యాసము వ్రాయుడని సంఘ కార్యదర్శిగారు కోరగా, ఆ లోపమును కొంత తీర్చుకొనదలచి యీ విషయమును గైకొంటిమి.

మన పూర్వులు ఈ విద్యను అల్పముగా నెంచలేదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున సీతాధ్యక్షుని విధులు చెప్పుచు, ఏ పైరు ఏ తావున పెట్టవలెనో వివరించి, శాకములకును మూలములకును నూతిచుట్టు నేలయే తగినదని నిర్ణయించెను. వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ప్రత్యేకాధ్యాయమును కేటాయించెను. సురపాలుడు అదే పేర ఒక గ్రంథమునే రచించి, కుణపజలమను ద్రవ యెరువును చేయు విధమును తెలిపెను. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు జడివానలో వచ్చిన యతిథులకు పెట్టిన భోజనమున వరుగులును, వడియములును కలవు. ఎండకాలమున కోసి యెండబెట్టిన కాయ వానకాలమున అతిథిమర్యాదను నిలిపినదన్నమాట.

ఈ శాస్త్రమును చదువని మన యిల్లాండ్రు దానినే ఆచరించిరి. నూతిగట్టు నీరును, పాత్రలు కడిగిన నీరును వృథా కాక అరటిబోదెకును, చేమదుంపలకును పారెడివి. మృగశిర కార్తె చినుకుతో బీర, సొర, పొట్ల, కాకర పాదులు పెట్టుదురు. సొరతీగ వంటయింటి కప్పు నెక్కును. వంగయు, బెండయు, గోంగూరయు మళ్లలోను, మునగ దొడ్డి మూలను ఉండును. చిక్కుడు సంక్రాంతికి కాపునకు వచ్చి, రథసప్తమినాడు సూర్యునికి ఆకు, కాయ రెండును సమకూర్చును. ఆకులపై పేను కనబడిన బూడిద చల్లుదురు. ముదిరిన బీరకాయను విత్తనమునకై చూరున వ్రేలాడదీయుదురు. ఎండిన సొరబుర్రలో బూడిద కలిపిన విత్తనములు మరుసటి యేటివరకు చెడకుండెడివి. ఈ పెరటిలో పరదేశపు మొక్కలును బంధువులై కలసిపోయినవి. మిరపయు, జామయు, బొప్పాయియు అమెరికా ఖండమునుండి వచ్చినవే గదా! నేడు మిరప లేని గుంటూరు సీమను ఎవ్వరైన ఊహింపగలరా?

బాపట్ల యిసుకనేలల నేర్పు వేరు. సముద్రతీరమున ఉప్పునీటిపై తేలికైన మంచినీరు పలుచని పొరగా నిలుచును. లోతుగా త్రవ్విన ఉప్పునీరు పైకి వచ్చును. కనుక అచ్చటివారు లోతులేని దొరువులు త్రవ్వి, కుండలతో దిగి నీరు ముంచి, మళ్లకు చేతితో పోసి ఆకుకూరలు పెంచిరి. ఆశపడి యధికముగ తోడరాదు, తోడక మానరాదు. ఈ మితమే దొరువు సేద్యమునకు ప్రాణము. బాపట్ల వ్యవసాయ పరిశోధకులు ఈ పూర్వపద్ధతినే సంస్కరించి, ఇసుకలో గొట్టములు పరచి నీటిని సేకరించు మేలైన దొరువును రూపొందించిరి.

అయినను పెరటిని గూర్చి అతిశయోక్తి పలుకరాదు. 1832-33లో, నందన నామ సంవత్సరమున, డొక్కల కరవు గుంటూరు మండలమును ధ్వంసము చేసినది. జనసంఖ్యలో దాదాపు మూడవవంతు నశించెనని చెప్పుదురు. నూతిలో నీరింకిన పిదప పాదు లేదు, పందిరి లేదు. కావుననే 1852లో ఆరంభమై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట మనకు ప్రాణదాత యైనది. తెనాలి, రేపల్లె ప్రాంతములు కాలువనీటితో వరిసముద్రములైనవి.

కాని గాదె నిండినంత మాత్రమున దేహము నిండునా? మరలు వచ్చి బియ్యముపై తవుడును తొలగించిన పిదప, ఉత్తర సర్కారుల తీరమున బెరిబెరి వ్యాధి పాతుకొనెను. కూనూరులో 1918లో మెక్కారిసన్ పండితుడు ప్రారంభించిన పరిశోధన (నేడు హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థకు మూలమిదియే) తెల్లబియ్యపు లోపమును బయలుపరచుటకు తోడ్పడినది. దంపుడుబియ్యమును, పప్పుదినుసులును దానికి విరుగుడు. మన పెరటి చిక్కుడుగింజయు ఆ కోవలోనిదే. అన్నమును కాలువ యిచ్చినది. అన్నము తీర్చలేని లోటును పెరడు తీర్చినది. ఈ రెండవ ఋణమును మనము ఏ చరిత్రపుస్తకమునను వ్రాయలేదు.

1942లో బర్మా జపానువారి వశమై అచ్చటి బియ్యము నిలిచిపోగా, మరుసటి యేట వంగదేశము క్షామమున మలమల మాడినది. అధికాహారోత్పత్తి యుద్యమము ఆ దినములలోనిదే. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లో వెలసినది. 1965లో లాల్ బహదూర్ శాస్త్రిగారు వారమున కొకపూట భోజనము మానుడని ప్రజలను కోరి, తన నివాసపు పచ్చికబయలును దున్నించిరి. ఆపద వచ్చినపుడెల్ల పాలకులకు పెరడు జ్ఞాపకము వచ్చుచున్నది. ఆపద తీరగనే మరుపు.

మా యింటి మాట కూడ చెప్పక తప్పదు. పంపకములలో మా నూతిదొడ్డి నాలుగు భాగములైనది. మేమే ముందుగా మా భాగమున సిమెంటు పరపించితిమి, బురద యుండదని. మా తల్లిగారు సొరబుర్రను తెచ్చి, "నాయనా, దీని నెక్కడ పెట్టమందువు?" అని యడిగిరి. అటుకమీద పెట్టుమంటిమి. ఆమె గతించిన పిమ్మట దింపి చూడగా విత్తనములన్నియు పుచ్చిపోయి యున్నవి. ఆ పొట్టిబీర విత్తు తరువాత మాకెచ్చటను దొరకలేదు. పుస్తకములు చెదలు తినిన శోకించు పండితులము, ఆ నష్టమును నష్టముగనే యెంచమైతిమి.

మరియొక సత్యము. పెరడు గలవారికే పెరటితోట. మన పొలములలో నాట్లు వేసినవారికి గుడిసె నిలుపుకొను జాగాయే కరవు. వారి కూర గట్టుమీది పొన్నగంటియు, చెంచలియు. గట్లపై కలుపుమందు చల్లిన పిదప అదియు పోయినది. మన పెరటిని పొగడుకొనునపుడు ఈ మాట మరువరాదు.

2022లో బాపట్ల జిల్లా యేర్పడి, రేపల్లె అందు చేరినది. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. సరిహద్దులు మారినను విత్తనమునకు సరిహద్దు లేదు. కావున సభ్యులకును, పోషకులకును మా విన్నపము మూడు మాటలలో ముగింతుము. సంఘ విద్యార్థివసతిగృహపు వెనుక ఖాళీస్థలమున బాలురచేతనే కూరమళ్లు వేయింపుడు. వచ్చు మహాసభకు వచ్చునపుడు ప్రతి కుటుంబమును తమ యింటి విత్తనమును ఒక పిడికెడు తెచ్చి మార్చుకొనుడు. అందు కొంత, అడిగిన యే కులమువారికైన, ముందుగా దొడ్డి లేని కూలివారికి, కుండీ మట్టితో సహా ఇండు.

వృద్ధమాతలు ఇంకను కొందరు మనలో నున్నారు. అటుకమీది బుర్రలను నేడే దింపుడు.

శుభం భూయాత్.