ఐదున్నర గంటల కథ

మా నాన్న పోయింది ఏ వారం అంటే నా దగ్గర రెండు జవాబులున్నాయి. కాకినాడలో ఇచ్చిన మరణ ధ్రువపత్రం ప్రకారం బుధవారం. నాకు ఫోనొచ్చింది మాత్రం మంగళవారం సాయంత్రం నాలుగింటికి, షికాగోలో ఆఫీసులో కూర్చుని ఉండగా. అమ్మ కూడా మొదటినించీ మంగళవారమే అంటుంది. అది నా మీద జాలితో కాదు. తెల్లవారుజామున మూడింటికి ఇంకా పొద్దు పొడవలేదు కనక, ఆవిడ లెక్కలో మంగళవారం ఇంకా అయిపోలేదు. అర్ధరాత్రి రోజు మారడం కాగితాల వాళ్ళ గొడవ.

రెండో ఏడు తద్దినానికి ఇండియా వెళ్ళడం కుదరలేదు. ఇక్కడే పెడదామని గుడి పంతులు గారికి ఫోన్ చేసి, ఇండియన్ కొట్టువాడిచ్చిన కేలండర్లో పుష్య బహుళ దశమి మంగళవారం పడిందని చెప్పాను. "బాబూ, మీ కేలండరు ఏ ఊరిది?" అన్నారాయన. ఆ ఒక్క ప్రశ్నతో నా తిక్క కుదిరింది. పదిహేనేళ్ళుగా కంప్యూటర్లకి టైము లెక్కలు నేర్పే పనిలో ఉన్నవాణ్ణి మరి.

తిథి అంటే సూర్యచంద్రుల మధ్య పన్నెండు డిగ్రీల ఎడం. అది మొదలయ్యే క్షణం, ముగిసే క్షణం భూమ్మీద అందరికీ ఒకటే. ఆ క్షణానికి మీ గోడ మీద గడియారం ఎంత చూపిస్తుందన్నదే తేడా. ఆ ఏడు దశమి ఇండియాలో సోమవారం రాత్రి పదింటికి మొదలై మంగళవారం రాత్రి పదకొండింటిదాకా ఉంది. చలికాలం కనక పదకొండున్నర గంటలు తీసేస్తే షికాగోలో సోమవారం పొద్దున్న పదిన్నర నించి మంగళవారం పొద్దున్న పదకొండున్నరదాకా. తద్దినానికి కావలసింది అపరాహ్ణం వేళకి ఉన్న తిథి. అంటే ఇండియాలో మంగళవారం, నాకు సోమవారం. నేను మంగళవారం సెలవు పెట్టుకుని కూర్చున్నాను.

ఆ పదకొండున్నరలోని అరగంట ఎక్కణ్ణించి వచ్చిందని అప్పుడు పట్టుకుంది నాకు.

సగం కథ నేనుండే ఊళ్ళోనే జరిగింది. ఒకప్పుడు అమెరికాలో ప్రతి ఊరికీ తన మధ్యాహ్నం ఉండేది. రైళ్ళొచ్చాక ఒక్కో కంపెనీ తన పెద్ద స్టేషను టైము పెట్టుకుంది. అలా సుమారు యాభై రైల్వే టైములు తయారయ్యాయి. 1883 అక్టోబరులో రైల్వే కంపెనీల వాళ్ళు షికాగోలోని గ్రాండ్ పసిఫిక్ హోటల్లో కూర్చుని, విలియం అలెన్ అనే ఆయన వేసుకొచ్చిన పథకానికి సరేనన్నారు. ఆ నవంబరు 18, ఆదివారంనాడు షికాగో గడియారాలు సుమారు తొమ్మిదిన్నర నిమిషాలు వెనక్కి జరిగాయి. మధ్యాహ్నం పన్నెండు రెండుసార్లు వచ్చింది. ఇందులో ప్రభుత్వం ప్రమేయమేమీ లేదు. అమెరికా కాంగ్రెసు దాన్ని చట్టం చేసింది 1918లో, అంటే ముప్ఫై అయిదేళ్ళ తరవాత. (ఇలాంటి పథకాన్నే అంతకు ముందే పట్టుకుని తిరిగిన చార్లెస్ డౌడ్ అనే బడిపంతులు 1904లో రైలు గుద్ది పోయాడు. పాపం.)

మరుసటేడు అక్టోబరులో 25 దేశాల వాళ్ళు వాషింగ్టన్లో చేరి, గ్రీనిచ్ మీదుగా పోయే రేఖని సున్నా అనుకుందామని తీర్మానించారు. ప్రపంచానికి టైమ్ జోన్లు గీసింది ఆ సభేనని చాలామంది రాస్తారు గానీ, అది నిజం కాదు. జోన్లు ఎవరికి వాళ్ళు తరవాత తీరిగ్గా గీసుకున్నారు. అసలు తమాషా అంతా అక్కడే ఉంది.

అప్పటికి మన రైళ్ళు నడిచింది మద్రాసు టైము మీద. నుంగంబాకంలో ఈస్టిండియా కంపెనీ వారి నక్షత్రశాల ఉండేది. గ్రీనిచ్ కంటే అయిదు గంటల ఇరవయ్యొక్క నిమిషాలు ముందు దాని లెక్క. బొంబాయి మద్రాసుకి అరగంట వెనక, కలకత్తా ముప్ఫై రెండు నిమిషాలు ముందు. రెండు పెద్దన్నల మధ్య పడ్డ తమ్ముడిలా మద్రాసు అందరికీ సర్దుబాటయింది. 1906 జనవరి 1 నించి రైళ్ళనీ తంతి ఆఫీసుల్నీ 82½ డిగ్రీల రేఖకి మార్చి, దానికి ఇండియన్ స్టాండర్డ్ టైము అని పేరు పెట్టారు. గంటకి పదిహేను డిగ్రీల చొప్పున సరిగ్గా అయిదున్నర గంటలు. అయిదు అంటే కలకత్తాకి కష్టం, ఆరు అంటే బొంబాయికి కష్టం. మద్రాసుకి తొమ్మిది నిమిషాలతో పోయింది. బొంబాయి ముప్ఫై తొమ్మిది నిమిషాలు ముందుకి జరగాలి. తెల్లవాడు మన సూర్యుణ్ణి కూడా ఎత్తుకుపోతున్నాడని అక్కడ పెద్ద గొడవే అయింది. మిల్లు కూలీలు కూడా ఎదురు తిరిగారు. కలకత్తా తన టైముని 1948దాకా వదల్లేదు, బొంబాయి 1955దాకా వదల్లేదు.

మా నాన్న లెక్కల మేస్టారు. "దేశం గడియారం మన కాకినాడ మీదుగానే పోతుందిరా" అని గర్వంగా చెప్పేవారు. ఇప్పుడు చూస్తే కాకినాడ 82¼ దగ్గర ఉంది. రేఖ సముద్రంలోకి దిగేది ఇంకాస్త పైన, తుని వైపు. తేడా ఒక్క నిమిషం. ఆయనుండగా ఈ సంగతి నాకు తెలియకపోవడమే మంచిదయింది లెండి. హైదరాబాదు సూర్యుడు గడియారానికి పదహారు నిమిషాలు ఆలస్యం, విశాఖపట్నం సూర్యుడు మూడు నిమిషాలు ముందు.

ఇక ఇరుగు పొరుగు. ఒకసారి కరాచీ, కొలంబో, ఖాట్మండు, ఢాకాల్లో ఆఫీసులున్న ఒక కంపెనీకి షిఫ్టుల ప్రోగ్రాము రాశాను. గ్రీనిచ్‌తో తేడాని పూర్తి గంటల్లో దాచే కాలమ్ పెట్టాను, ఇండియా కోసం ఒక అరగంట జెండా తగిలించి. అతితెలివి! ఖాట్మండు తేడా అయిదు గంటల నలభై అయిదు నిమిషాలు. అక్కడివాళ్ళ హాజరు పావుగంట తప్పుగా పడుతోందని తెలిసేటప్పటికి ఒక జీతాల నెల గడిచిపోయింది. ఆలస్యమని జీతం కోత పడ్డవాళ్ళకి నేను స్వయంగా ఫోన్ చేసి క్షమించమన్నాను.

నేపాలు 1986దాకా మన టైమే వాడింది. ఆ ఏడు గౌరీశంకర్ శిఖరం రేఖ పట్టుకుని పావుగంట ముందుకి జరిగింది. లెక్క ప్రకారం తప్పేం లేదు, కానీ ఢిల్లీ గడియారం మాకెందుకన్న పట్టుదల కూడా అందులో ఉందనే నా అనుమానం. పాకిస్తాను 1951లో పశ్చిమాన అయిదు, తూర్పున ఆరు గంటల లెక్క తీసుకుంది. 1971లో తూర్పు ముక్క బంగ్లాదేశ్ అయింది, గంట తేడా అలాగే మిగిలింది. శ్రీలంక కరెంటు ఆదా కోసమని 1996 మేలో గంట ముందుకి దూకి, అక్టోబరులో అరగంట వెనక్కి వచ్చి, 2006లో మళ్ళీ అయిదున్నరకి చేరింది. ఆ పదేళ్ళూ పులుల చేతిలో ఉన్న ప్రాంతాల్లో పాత టైమే నడిచింది. ఒక చిన్న ద్వీపంలో చెక్‌పోస్టు దాటితే గడియారం మార్చుకోవాలన్నమాట.

వీళ్ళందరూ పక్కపక్కనే కూర్చుని అయిదు, అయిదున్నర, అయిదూ ముప్పావు, ఆరు అంటుంటే, అవతల చైనా ఈ చివర్నించి ఆ చివరిదాకా ఒక్కటే ఎనిమిది అంటుంది. అఫ్ఘానిస్తాను నించి చైనాలో అడుగుపెడితే మూడున్నర గంటలు పోతాయి. మనమూ ఆ బాపతే. అస్సాంలో టీ తోటల వాళ్ళు వెలుతురు వృథా కాకూడదని ఎప్పటినించో గంట ముందుగా తమ 'బగాన్ టైము' నడుపుకుంటున్నారు. దేశానికి రెండు టైములు పెట్టవచ్చని 2018లో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ వాళ్ళు లెక్కలతో సహా రాశారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాకు మటుకు తోటల వాళ్ళ పక్షమే న్యాయంగా తోస్తుంది. నాలుగున్నరకి తెల్లవారే ఊళ్ళో పదింటికి ఆఫీసు తెరవడమేమిటి?

సోమవారానికి సెలవు మార్చుకున్నాను. పంతులు గారు మా ఇంటికే వచ్చారు. రేఖాంశానికి జ్యోతిషంలో ఉన్న పాత పేరు దేశాంతరమని వంట అవుతుండగా ఆయనే చెప్పారు. ఉజ్జయిని మీదుగా పోయే రేఖ నించి మనం ఎంత తూర్పుకో పడమరకో ఉన్నామో చూసి ఆ మేరకి లెక్క దిద్దుకోవాలట. దేశాంతరం పోయినవాడని మా ఊళ్ళో నన్నంటారు. అదీ ఇదీ ఒకటే మాటని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఒంటిగంట దాటాక సంకల్పం మొదలుపెట్టారు. 'జంబూద్వీపే' కోసం ఎదురుచూస్తున్న నాకు 'క్రౌంచద్వీపే' అని వినబడింది. నాన్న పేరూ గోత్రమూ చెప్పమన్నారు. చెప్పాను. కాకినాడలో అప్పటికి మంగళవారం వచ్చేసి అరగంట దాటింది, అమ్మ నిద్రపోతోంది. అక్కడ తమ్ముడు చెయ్యబోయే తద్దినానికి మినపప్పు నానబోసి పడుకున్నానని మర్నాడు చెప్పింది.