ఆంగ్లభాషలో దీర్ఘపదముల కథ

ఆంగ్లభాషలో మిక్కిలి పొడవైన పదమేది అని బడిపిల్లలు ఒకరినొకరు అడుగుకొనుట మనమెల్లరము ఎరిగినదే. దానికొక కొంటె సమాధానము కలదు: 'స్మైల్స్'. మొదటి ఎస్‌కును కడపటి ఎస్‌కును నడుమ ఒక మైలు దూరమున్నదట! పరిహాసమును విడిచి, నిజముగా దీర్ఘములైన పదముల పుట్టుపూర్వోత్తరములను విచారించినచో, ఒకటి నాటకమున విదూషకుని నోటను, ఒకటి మిత్రునకు వ్రాసిన లేఖలోను, ఒకటి మతవివాదములోను వెలసినట్లు కనబడును. ఇవి వేర్వేరు కాలములకు చెందినవే అయినను, వీని కన్నింటికి ఒక పోలిక కలదు. ఐ అను అక్షరము వీనియందు మాటిమాటికిని వచ్చుచుండును.

షేక్స్పియరు రచించిన 'లవ్స్ లేబర్స్ లాస్ట్' అను నాటకము 1598లో అచ్చుపడినది. అందు ఐదవ అంకమున ఒక బడిపంతులును, ఒక పురోహితుడును లాటిను ముక్కలను ఒలకబోయుచు పాండిత్యప్రకర్ష చూపుచుందురు. పక్కనున్న కోస్టర్డు అను పామరుడు చిన్నవాడైన మాత్ అను పరిచారకుని చూచి, నీ యజమాని నిన్నొక మాటగా భ్రమించి మ్రింగివేయలేదేమని వేళాకోళము చేయును. బాలుడు ఆ మాటకంటె పొట్టివాడట! ఆ మాటయే 'హొనొరిఫికాబిలిటూడినిటాటిబుస్'. గౌరవములను పొందదగిన స్థితి యని దీని భావము. ఇందలి అక్షరములు 27. వానిలో ఐ ఏడుమారులు వచ్చును. హల్లు తరువాత అచ్చు, అచ్చు తరువాత హల్లు, ఈ క్రమము మొదటినుండి తుదివరకు ఎచటను తప్పలేదు. కావుననే దీనిని లాటిను ఉచ్చారణ ననుసరించి తెలుగు లిపిలో వ్రాసినచో ఒక్క వత్తైనను అవసరము లేక, పదుమూడు గుణింతాక్షరములును ఒక పొల్లును మాత్రమే వచ్చును. ఆంగ్లపదములను తెలుగున వ్రాయుటలో గల కష్టము నెరిగినవారికి ఇది వింతగా తోచక మానదు.

1910లో సర్ ఎడ్విన్ డర్నింగ్-లారెన్స్ అను నాతడు ఈ అక్షరములనే తారుమారు చేసి, ఈ నాటకములు బేకనువని తెలుపు లాటిను వాక్యమొకటి కూర్చి, షేక్స్పియరు నాటకములకు కర్త ఫ్రాన్సిస్ బేకనే యని గ్రంథము ప్రకటించెను. ఇంతటి శ్రమ వ్యర్థమైనది. ఏలయన ఈ పదము బేకనుకంటెను షేక్స్పియరుకంటెను ఎంతయో ప్రాచీనము. 1321లో మరణించిన ఇటలీ మహాకవి డాంటే సయితము, పద్యపాదమున ఇముడనంత పొడుగైన మాటకు ఉదాహరణముగా దీనినే ఒక రూపాంతరమున పేర్కొని యుండెను.

రెండవ పదము 'ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్'. విలియం షెన్‌స్టన్ అను ఆంగ్లకవి 1741లో వ్రాసిన లేఖలో ఇది కానవచ్చును. ఈటన్ పాఠశాలలో చదివెడు లాటిను వ్యాకరణమున, విలువలేనిదిగా ఎంచుట యను అర్థమునకు వాడదగిన మాటలు వరుసగా ఇచ్చియుండిరి: ఫ్లాక్సి యనగా ఉన్నిపోగు, నాసి యనగా అల్పవస్తువు, నిహిలి యనగా శూన్యము, పిలి యనగా వెంట్రుక. బాలురు కంఠస్థము చేయవలసిన ఈ నాలుగింటిని ఎవరో చమత్కారి ముడివేసి ఒకే పదముగా చేసెను. ఒకదానిని ఎందుకును కొరగానిదిగా త్రోసివేయుట దీని అర్థము. మనవారు గడ్డిపోచను ఉపమానముగా గొని 'తృణీకరణము' అన్నదియు ఇదియే. భావము ఒకటే, కొలత మాత్రమే వేరు. మనము ఆరు అక్షరములతో చెప్పినదానికి వారికి 29 కావలసి వచ్చినవి. (మన అక్షరముల లెక్కకును వారి లెక్కకును భేదమున్నదను సంగతి మరువరాదు.) ఇందు ఐ తొమ్మిదిమారులు వచ్చును, ఆంగ్లమున అన్నిటికంటె అధికముగా వాడబడు ఇ అను అక్షరము ఒక్కమారైనను రాదు. 2021 మే నెలలో కరోనా మందుల పేర్లు పలుక శక్యము గాకున్నవని అప్పటి తెలంగాణ మంత్రి కె. టి. రామారావు శశి థరూరును వినోదముగా ఎత్తిపొడువగా, థరూరు ఈ పదమునే ప్రయోగించి బదులిచ్చెను.

మూడవది 'యాంటీడిసెస్టాబ్లిష్మెంటేరియనిజం', 28 అక్షరములు. ఇది కేవలము వినోదమునకు పుట్టినది కాదు. ఇంగ్లండున ఒక క్రైస్తవ సంఘమునకు రాజ్యముయొక్క అధికారిక ప్రతిపత్తి కలదు. దానిని తొలగింపవలెనని 19వ శతాబ్దమున కొందరు ఉద్యమించిరి. ఆ తొలగింపును ప్రతిఘటించువారి వాదమే ఈ పదము. కాదనుదానిని కాదనుట యన్నమాట. ఐర్లండు ప్రజలలో అధికసంఖ్యాకులు కేథలిక్కులై యుండగా, ఆంగ్ల సంఘపు శాఖయే అచట రాజసంఘముగా నుండెను. గ్లాడ్‌స్టన్ ప్రభుత్వము 1869లో శాసనము చేసి, 1871 నుండి ఆ ప్రతిపత్తిని రద్దుపరచెను. వేల్సునకు సంబంధించిన శాసనము 1914లో వచ్చినను, ప్రపంచయుద్ధమువలన 1920 వరకు అమలు కాలేదు. ఇంగ్లండున మాత్రము సంఘము ఇప్పటికిని చెక్కుచెదరలేదు. వాదము చల్లారిన పిమ్మట ఆ పదము పరీక్షలకు మిగిలినది. 1955లో అమెరికా టెలివిజను పోటీలో బాల్టిమోరుకు చెందిన పండ్రెండేండ్ల బాలిక దీని వర్ణక్రమమును తప్పులేక చెప్పి బహుమానము గెలిచినది.

కడపటిది అన్నిటికంటె దీర్ఘము: 'న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవోల్కేనోకోనియోసిస్', 45 అక్షరములు. 1935 ఫిబ్రవరిలో న్యూయార్కున జరిగిన నేషనల్ పజిలర్స్ లీగు సమావేశమున ఆ సంస్థాధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ దీనిని కూర్చెను. వార్తాపత్రిక ప్రకటించినది, నిఘంటువులు చేర్చుకొన్నవి. ఇందు ఐ ఆరుమారులే. ఓ అను అక్షరము మాత్రము తొమ్మిదిమారులు. కారణమేమన, లాటిను మాటలను సమాసముగా అతుకునప్పుడు నడుమ సాధారణముగా ఐ వచ్చును, గ్రీకు మాటలను అతుకునప్పుడు ఓ వచ్చును. ఇందు గ్రీకు పాలు హెచ్చు.

ఊపిరితిత్తులలో అతిసూక్ష్మమైన సిలికా ధూళి చేరి కలిగించు వ్యాధి యని దీని అర్థము. స్మిత్ పరిహాసమునకు కూర్చినను, వ్యాధి పరిహాసము కాదు. అంతకు నాలుగైదేండ్లకు ముందు, పశ్చిమ వర్జీనియాలోని హాక్స్ నెస్ట్ అనుచోట కొండను తొలిచి సొరంగము త్రవ్విరి. ఆ రాతిలో సిలికా మెండు. నీరు చల్లి దుమ్మును అణపక యంత్రములతో పొడిరాతినే తొలిచినందున, కూలివాండ్రు ఆ ధూళినే పీల్చిరి. వారిలో అధికులు నల్లజాతివారు. కొన్నివందలమంది మరణించిరి. 1936లో అమెరికా కాంగ్రెసు ఉపసంఘము విచారణ జరిపెను. మనకు సమీపముననే, 2001లో మూతపడిన కోలారు బంగారు గనులలో క్వార్ట్జు రాతిని పగులగొట్టిన తెలుగు, తమిళ కార్మికులలో ఈ వ్యాధికి లోనైనవారు కలరు. రోగిని పరీక్షించు వైద్యుడు ఆ 45 అక్షరములను వ్రాయుచు కూర్చుండడు. 'సిలికోసిస్' అని 9 అక్షరములు వ్రాయును. అందును ఐ మూడుమారులు వచ్చును.